నా జాగలో ఆమె గోడ

ముఖం తప్ప ఇంకేమీ తెలియని ఒక ఆడమనిషి మీద నాకు కుళ్ళు పుట్టింది. ఆ ముఖం కూడా ఫోనులో చూసిందే. ఆమె ఉండేది అండమాన్‌లో ఒక చిన్న దీవిలో. నేనుండేది సెంటినరీ కాలనీలో, కంపెనీ క్వార్టర్‌లో. మా ఇద్దరి మధ్య అన్ని నీళ్ళున్నా నా కడుపుమంట చల్లారలేదు. నా మొగుడు ఆమెకు ఇల్లు కట్టడానికి బయల్దేరుతున్నాడు మరి.

కుళ్ళు కాదు, బాధ అని చెప్పుకుంటే వినేవాళ్ళకు బాగుంటుంది. కానీ బాధ అయితే ఏడుపొస్తుంది. నాకు ఏడుపు రాలేదు, గిన్నెలు ఎత్తి కుదేయబుద్ధయింది. కుదేశాను కూడా.

మా ఆయన బాయిలో మేస్త్రి. బాయి అంటే మా వైపు బొగ్గు గని. లోపల బొగ్గు తీసేసిన పాత దారుల్లోంచి చెడుగాలి రాకుండా అడ్డంగా గోడ కట్టి మూసేస్తారు. ఆ గోడలు కట్టడమే ఆయన డ్యూటీ. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన కట్టిన గోడలన్నీ భూమి కిందే ఉన్నాయి. ఒక్కటీ నేను చూడలేదు, చూడబోను. భూమి పైన మాకోసం మాత్రం ఆయన ఒక్క ఇటుక మీద ఇంకో ఇటుక పెట్టలేదు.

జాగ లేక కాదు. కమాన్‌పూర్ దగ్గర రోడ్డు దిగి కొంచెం లోపలికి పోతే, ఒక ఇంటికి సరిపోయేంత జాగ మాకుంది. ఏటా వానలు వెనకబట్టగానే నేను ఇంటి మాట ఎత్తడం, "క్వార్టర్ ఉన్నది గదా, ఇప్పుడేం తొందర" అని ఆయన అనడం. కరెంటు కంపెనీది, నీళ్ళు కంపెనీవి, గోడలకు సున్నం కూడా కంపెనీయే వేయిస్తుంది. అలాంటి చోట నిద్రపోయేవాడికి సొంత ఇల్లెందుకు గుర్తొస్తుంది? నాకు మాత్రం రోజూ గుర్తొచ్చేది. మా వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా వెనక లైను వాళ్ళ బాత్రూం గోడ. ఆ కిటికీ అక్కడ పెట్టినవాడు ఎవడో గానీ, వాడు జన్మలో అన్నం వండి ఉండడు. వచ్చే ఏడాది మా ఆయన రిటైరవుతాడు. ఆ తర్వాత క్వార్టర్ ఖాళీ చేసి తాళం అప్పజెప్పాలి. అప్పుడు ఎక్కడికి పోదామని అడిగితే టీవీ సౌండు పెంచేవాడు.

అలాంటి మనిషి ఒకరోజు ఫస్టు షిఫ్టు దిగి వచ్చి, చెప్పులైనా విడవకుండా, "ఏమే, నేను ఇల్లు కట్టబోతున్న" అన్నాడు.

పొయ్యి మీద చాయ పొంగిపోతున్నా దించలేదు.

"ఎప్పుడు?" అన్నాను.

"వచ్చే నెల. అండమాన్ల."

చాయ అంతా పొంగి పొయ్యి మీద పోయింది. ఆయనకు అర్థం కాలేదు. ఉత్సాహంగా చెప్పుకుంటూ పోయాడు. కాలనీలో ఒక సివిల్ ఇంజినీరు సారు ఉన్నాడు, కాకినాడ వైపు వాళ్ళు, చాలా ఏళ్ళ కిందటే వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆయన చేసే సేవా కార్యక్రమాలకు కొందరు కార్మికులు కూడా కలుస్తుంటారు. ఈసారి, గాలివానకు ఇళ్ళు పోగొట్టుకున్న దీవి వాళ్ళకు వెళ్ళి ఇళ్ళు కట్టిపెట్టాలనుకున్నారట. ఫిట్టరు, ఎలక్ట్రీషియను, లారీ డ్రైవరు, అంతా లీవు పెట్టి సొంత ఖర్చుల మీద వెళ్తున్నారు. "మేస్త్రి లేకుంటే ఎట్ల" అని సారు అడిగితే ఈయన తల ఊపాడు.

"మరి నేను?"

"నువ్వొచ్చి ఏం జేస్తవ్? టికెట్లు గూడ అయిపోయినయ్."

ఇంజినీరు గారి భార్య మాత్రం వెళ్తోంది. అక్కడ అందరికీ వంట చూసుకోవడానికట. ఇన్నేళ్ళు ఈయనకు ఎవరు వండి పెట్టారో ఈయన మర్చిపోయినట్టున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. సముద్రమంటే నాకు పిచ్చి. చూడనిదాని మీదే కదా పిచ్చి ఉండేది. గోదావరి నిండుగా పారినప్పుడు బ్రిడ్జి మీద నిలబడి ఇదే సముద్రం అనుకుని మురిసిపోయినదాన్ని. ఇప్పుడు ఈయనేమో విమానం ఎక్కి దాని మీదుగా పోతాడు, పడవెక్కి దాని మధ్యలోంచి పోతాడు, పొద్దున లేచి దాని ముందే పళ్ళు తోముకుంటాడు.

ఇంట్లో తయారీలు మొదలయ్యాయి. సారు వాట్సప్‌లో పంపిన లిస్టులో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా ఇంటికి చేరాయి. వెడల్పు అంచు టోపీ, తడిసినా ఆరిపోయే చెప్పులు, పడవలో వాంతులు కాకుండా మాత్రలు, ఎండకు పూసుకునే క్రీము. ఉద్యోగమంతా ఎండ మొహం చూడకుండా పని చేసిన మనిషికి ఇప్పుడు ఎండ తగలకుండా క్రీము! అద్దం ముందు నిలబడి దాన్ని గోడకు మెత్తినట్టు మెత్తుకుంటుంటే, "ఎండినంక రెండో కోటు గూడ ఎయ్యి" అన్నాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చి "నీ నసీబు మంచిగున్నది బావా" అంటుంటే, పళ్ళు బిగబట్టి వాళ్ళకు చాయలు పోశాను. కరీంనగర్‌లో ఉండే మా అమ్మాయికి ఫోను చేసి చెప్పుకుంటే, "అమ్మా, నువ్వు కుళ్ళుకుంటున్నవ్" అంది. కన్నకూతురు కాబట్టి ఊరుకున్నాను.

నేను ఇంట్లో మిషను మీద బట్టలు కుడతాను. ఇంజినీరు గారి భార్య అక్కడ వేసుకోవడానికి పల్చటి కాటన్ డ్రస్సులు కుట్టించుకోవడానికి నా దగ్గరికే వచ్చింది. కొలతలు తీస్తూ ఉండబట్టలేక, "మీకేం మేడం, సముద్రం ఒడ్డున ఉండి వస్తరు" అన్నాను.

"సముద్రం ఏముందండీ, చూడని వాళ్ళకి గానీ! జిడ్డు గాలి. బట్టలు ఆరి చావవు. మా అమ్మగారింట్లో ఇనప గేటు రెండేళ్ళకోసారి మార్చేవాళ్ళం" అందామె.

దాని ఒడ్డునే పుట్టి పెరిగిన మనిషి కాబట్టి అలా తీసిపారేసింది. ఆమె డ్రస్సు చంక దగ్గర కాస్త బిగించి కుట్టాలని నా చెయ్యి ఎంతగా లాగిందో నాకే తెలుసు. పని మీద గౌరవం అడ్డొచ్చి సరిగ్గానే కుట్టాను.

అయినా అవన్నీ చిన్న మంటలు. అసలు మంట ఆ ఫోనుతో అంటుకుంది.

ఒక సాయంత్రం దీవిలో ఇల్లు అందుకోబోయే ఆవిడతో సారు వీడియో కాల్ కలిపి మా ఆయనకు కూడా చూపించాడు. ఆవిడ కూడా తెలుగామే. వాళ్ళ తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి అక్కడే ఉండిపోయారట. నా ఈడుదే, బక్కపల్చటి మనిషి. వెనక నీలం టార్పాలిన్ గాలికి కొట్టుకుంటోంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉల్లిగడ్డ తరుగుతూ వింటున్నాను. మా ఆయన ఫోను ముందు బుద్ధిగా కూర్చుని, నేనెన్నడూ వినని మెత్తటి గొంతుతో అడిగాడు:

"చెల్లే, వంటింటి కిటికీ ఏ దిక్కు పెట్టమంటవ్ మరి?"

కత్తి ఆగిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ప్రశ్న ఆయన నోటి నుంచి నాకు రాలేదు. కిటికీ మాట వదిలెయ్, మంచం ఏ పక్క వేద్దామని కూడా అడిగి ఎరగడు. ఇప్పుడు ఫోనులో కనిపించిన పరాయి మనిషిని అడుగుతున్నాడు, అదీ ఎంత ప్రేమగా!

సముద్రం వైపే అడుగుతుంది, ఇంకెటు అడుగుతుంది అనుకున్నాను. నేనైతే అదే అడిగేదాన్ని.

"సముద్రం వైపు వద్దన్నయ్యా" అందావిడ. "దాన్ని చూసింది చాలు. రోడ్డు వైపు పెట్టండి. వచ్చేపోయేవాళ్ళు కనబడతారు."

మా ఆయన "అట్లనే" అని తలూపాడు. ఆవిడ పడ్డ కష్టం ఆ ఒక్క మాటలో తెలిసిపోయింది. నాకు జాలి వేయాలి. వేసింది కూడా, లేదనను. కానీ జాలి వెనకాలే కుళ్ళు ఇంకా పెద్దదై వచ్చింది. ఆమెకు సముద్రం ఉంది, వద్దనే హక్కు ఉంది, ఏది కావాలో అడిగే మేస్త్రి ఉన్నాడు. ఆ పూట కూర మాడింది. ఇద్దరం మాడిందే తిన్నాం.

అంతటితోనైనా ఊరుకున్నాడా అంటే లేదు, మర్నాడు ఇంకో కబురు తెచ్చాడు. అక్కడికి వెళ్ళేలోగా అందరూ ఇటుక పేర్చడం, సిమెంటు కలపడం నేర్చుకోవాలి. కాలనీలో ఎక్కడా తవ్వడానికి వీల్లేదు, అంతా కంపెనీ స్థలం. "మన జాగ ఖాళీగనే ఉన్నది గదా అని సారుకు చెప్పిన. ప్రాక్టీసు అయినంక మొత్తం సాఫు జేసి ఇస్తమన్నరు" అన్నాడు.

"నన్ను అడిగినవా?"

"అడగనీకి ఏమున్నదే? నాలుగు దినాల పనే."

ఆదివారం మధ్యాహ్నం అందరికీ బువ్వ పట్టుకుని ఆటోలో నేనే వెళ్ళాను. వెళ్ళకూడదనే అనుకున్నాను. కానీ నా జాగలో ఏం చేస్తున్నారో చూడకుండా ఉండలేకపోయాను. వెళ్ళేసరికి ముగ్గు పోసి ఉంది. ఇల్లు కట్టేముందు గదులు ఎక్కడెక్కడ వస్తాయో సున్నంతో నేల మీద గీస్తారు కదా, అదే. గడ్డి చెక్కేసిన ఎర్రమట్టి మీద తెల్లటి గీతలు. వంటిల్లు, ముందు గది, దర్వాజ, కిటికీ. నా జాగలో ముగ్గు పడే రోజు కోసం కొత్త చీర కొని దాచుకున్నాను నేను. ఆ చీర బీరువాలోనే ఉంది, ముగ్గు మాత్రం వేరే ఆమె ఇంటికి పడింది.

టిఫిన్ క్యారియరుతో గబగబా లోపలికి నడిచాను. ఫిట్టరు నవ్వుతూ అరిచాడు: "వదినా, గోడ తొక్కుతున్నవ్! దర్వాజకెళ్ళి రా!"

అందరూ నవ్వారు. వాళ్ళు సరదాకే అన్నారు. నాకు మాత్రం ముఖం జేవురించింది. నా సొంత జాగలోకి నేను ఇంకొకామె దర్వాజలోంచి రావాలట! వెనక్కి తిరిగి, కావాలనే ఆ గీతలన్నీ చెప్పులతో చెరుపుకుంటూ నడిచి, క్యారియరు మా ఆయన మోటారు సైకిల్ మీద పెట్టి వచ్చేశాను.

పునాది తవ్వడం దగ్గర మా ఆయనకూ సారుకూ చిన్న వాదన జరిగిందట. ప్రాక్టీసు గోడకు జానెడు లోతు చాలన్నాడు సారు. బాయిలో గోడను కిందికీ పక్కలకూ లోతుగా దిగేసి కట్టడం అలవాటైన మా ఆయన, గట్టి నేల తగిలేదాకా తవ్వించాడు. కుర్రాళ్ళు నడుములు పట్టుకుని తిట్టుకున్నారట. ఆ రాత్రి అన్నం తింటూ గర్వంగా చెప్పాడు. పరాయి ఆమె పేరు మీద కట్టే ఉత్తుత్తి గోడకు అంత పునాదా అని నాలో నేనే రగిలిపోయాను.

తర్వాతి ఆదివారం గోడ లేపారు. సారుకు పెద్దపల్లిలో ఏదో పని పడి, "ఆవిడ ఇంటికి రోడ్డు వైపు వచ్చే గోడ కడుతూ ఉండండి, సాయంత్రం వస్తా" అని వెళ్ళాడు. మా ఆయన ముందు, మిగతావాళ్ళు వెనక. సిమెంటు ఇటుకలు ఒక వరస మీద ఇంకో వరస లేచాయి. సాయంత్రం నేను చాయ తీసుకుని వెళ్ళేసరికి సారు కూడా అప్పుడే బండి దిగుతున్నాడు. మెడ ఎత్తు గోడ, దారం పట్టినట్టు నిటారుగా ఉంది. సారు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. మళ్ళీ వెనక్కి నడిచాడు.

"మేస్త్రీ, గుమ్మం ఏది?"

అందరూ మా ఆయన వైపు తిరిగారు.

"కిటికీ ఏది? ఆవిడ లోపలికెలా వెళ్తుందయ్యా, గోడ దూకా?"

గోడ ఒక కొస నుంచి ఇంకో కొసకు నున్నగా ఉంది. గుమ్మం లేదు, కిటికీ లేదు. నేను చెరిపిన గీతలు మళ్ళీ గీసుకుని ఉన్నా మా ఆయన వాటి మీదుగా కట్టుకుంటూ పోయాడు. విచిత్రమేమంటే, వెనక ఇటుకలు అందించినవాళ్ళలో ఒక్కడికీ అనుమానం రాలేదు. అంతా బాయిలో పనిచేసేవాళ్ళే. గోడ అంటే మూసేదే అని వాళ్ళ చేతులకు కూడా తెలుసు. ముందు ఫిట్టరు నవ్వాడు, తర్వాత అందరూ కడుపులు పట్టుకుని నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. ఆ దీవి ఆమెకు కిటికీ లేకుండా పోయిందని నాకు ఎంత హాయిగా ఉందో!

మా ఆయన నవ్వలేదు. తాపీ కడుక్కుని సంచిలో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని కెలుకుతూ ఉండిపోయాడు. "దర్వాజ యాదికే రాలేదే" అన్నాడు చివరికి. "నేను కట్టిన గోడకు అవతల మనిషి ఉండడు. ఉండొద్దు గూడ. గదే అలవాటయింది."

నా నవ్వు అక్కడితో ఆగింది. ఆయన మీద జాలి వేసింది. కాసేపు ఆగితే భుజం మీద చెయ్యి వేసేదాన్నే. కానీ ఆయన ఆగలేదు.

"పాపం ఆ చెల్లె నోరు తెరిచి అడిగిన ఒక్క కిటికీ. దాన్ని ఎట్ల మర్చిపోయిన్నో!"

"ఎట్ల మర్చిపోయినవా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నా కిటికీ మర్చిపోయి ఎన్నేండ్లయింది? దానికి ఒక్క పూటన్న బువ్వ సయించకపోయిందా నీకు? ఆమె ఒక్కసారి అడిగింది. నేను ఏటేటా అడిగిన. ఆమె చెల్లె అయింది, నేనేమైన?"

ఆయన తలెత్తి చూశాడు. టీవీ రిమోట్ పక్కనే ఉంది, దాన్ని ముట్టలేదు. ఆ వారమంతా మా ఇంట్లో మిషను చప్పుడు తప్ప వేరే మాట లేదు. ఆయన బ్యాగు సర్దుకుంటూనే ఉన్నాడు, నేను చూడనట్టే ఉన్నాను.

బయల్దేరే ముందు ఆదివారం గోడ పడగొట్టి జాగ సాఫు చేసే కార్యక్రమం. నన్ను ఎవరూ రమ్మనలేదు. పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళాను. ఎండ అప్పుడప్పుడే గోడ మీద పడుతోంది. ఆ జాగలో ఇన్నేళ్ళకు లేచిన మొదటి గోడ అది. చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది. అటు తిరిగి, ఇటు తిరిగి, దాని నీడలో నిలబడి చూశాను. ఈ ఎండలో నాకంటూ నీడ పడింది ఈ జాగలో ఇప్పుడే. అది కూడా ఇంకాసేపట్లో ముక్కలై ట్రాలీ ఎక్కుతుంది. ఎవరిదో ఇల్లు నేర్చుకోవడానికి కట్టి, నేర్చుకోవడం అయిపోయిందని కూల్చేస్తారు.

సుత్తెలు, గడ్డపారలు పట్టుకుని అందరూ వచ్చారు. నేను గోడకు వీపు ఆనించి నిలబడ్డాను.

"పక్కకు జరుగు వదినా, పెళ్ళలు మీద పడ్తయ్" అన్నాడు ఫిట్టరు.

"దీన్ని ఎవ్వలు ముట్టొద్దు."

సారు ముందుకొచ్చాడు. మంచి మనిషే, మర్యాదగానే చెప్పాడు. "అమ్మా, ఇది ప్రాక్టీసు గోడ. మీ జాగ ఎలా ఉందో అలా అప్పజెప్తామని మాటిచ్చాం కదా."

"గోడ ప్రాక్టీసుదే సార్. జాగ ప్రాక్టీసుది కాదు గద."

ఆయన నావైపు, తర్వాత మా ఆయనవైపు చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని గోడ మొదట్లో మట్టి కొంచెం గీకి చూశాడు. "పునాది అయితే గట్టిగానే దిగింది" అన్నాడు లేస్తూ. "ఉంచుకుంటే ఉంచుకోవచ్చు. మీ ఇష్టం మేస్త్రీ."

ఇక అంతా మా ఆయన మీద పడింది. ఆయన సుత్తె భుజాన వేసుకుని నిలబడ్డాడు. అందరి ముందూ పెళ్ళాం మాట వింటే నవ్వుతారని ఆయన భయం నాకు తెలియంది కాదు. ఎల్లుండి విమానం, బ్యాగు సర్ది ఉంది, అక్కడ ఆ దీవి ఆమె ఎదురుచూస్తోంది. ఈ రోజు ఆయన సుత్తె ఎత్తితే ఇక నేను ఇంటి మాట ఎత్తను. ఆ మాట బయటికి అనలేదు గానీ, ఆయనకు వినబడినట్టే నా ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు.

సుత్తె కింద పెట్టాడు. జేబులోంచి సుద్దముక్క తీసి గోడ దగ్గరికొచ్చాడు.

"ఎక్కడ పెట్టమంటవ్?" అన్నాడు.

అంతే. ఎన్నేళ్ళో ఎదురుచూసిన మాట అది. తీరా ఆయన అడిగేసరికి గోడ వైపు తిరిగి ఆ కొస నుంచి ఈ కొసకు చూశాను. ఎక్కడని చెప్పను? రోజూ మనసులో పెట్టుకుని తిరిగిన కిటికీకి కింద నేల లేదు, చుట్టూ గోడ లేదు. ఇప్పుడు గోడ ఉంది, నాకే చోటు తోచలేదు.

"అవతల ఏమున్నదే, ఓపెన్‌కాస్టు బాయి తవ్విపోసిన మట్టి గుట్టలే గద కనిపించేది" అన్నాడాయన నెమ్మదిగా. "దిక్కు మార్చి ఇంకో గోడకు పెడ్దామా?"

"గుట్టలైతే గుట్టలే. గిక్కడనే పెట్టు" అని చేత్తో గోడ మధ్యలో కొట్టాను. అప్పుడు అసలు సంగతి గుర్తొచ్చింది. "ఆమెకు ఎంత వెడల్పు పెడ్తున్నవ్?"

"మూడు ఫీట్లు."

"నాకు నాలుగు పెట్టు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మా ఆయన నవ్వలేదు. టేపు తీసి కొలిచి, సుద్దముక్కతో నాలుగడుగులకు రెండు గీతలు గీశాడు. గీతలు సన్నగా ఉన్నాయి, లావుగా గియ్యమన్నాను.